చలిపొద్దున ఇంజన్‌ని తొందరపెట్టకు అల్లుడూ

అల్లుడూ,

నువ్వు ఆర్‌ఎక్స్ 100 కొన్నావని అక్క ఫోన్లో చెప్పింది. కోప్పడిందేమో అనుకునేవు, లేదు, ముచ్చటపడింది. నేనూ ముచ్చటపడ్డాను. 1985లో మన రోడ్ల మీదకొచ్చి, 1996లో తయారీ ఆగిపోయిన బండి అది. నువ్వు పుట్టక ముందే ఆగిపోయింది. దాన్ని వెతికి తెచ్చి, రంగు వేయించి, సీటు కుట్టించుకున్నావంటే నీకు యంత్రం మీద ప్రేముంది. పెద్దపండక్కి నలుగురు కుర్రాళ్లు కలిసి చీకటితోనే బయల్దేరి, సుంకి ఘాటీ ఎక్కి, పొట్టంగి మీదుగా దేవమాలి కొండ చూసొద్దామనుకుంటున్నారని కూడా విన్నాను. వెళ్లండి. ఆ మంచులో, ఆ మలుపుల్లో తిరగాల్సిన వయసే మీది. వద్దనడానికి రాయడం లేదు. బండి దారిలో పట్టెయ్యకుండా, నువ్వు కిందపడకుండా ఇంటికి రావాలని రాస్తున్నాను.

సాలూరులో పుట్టినవాడికి ఇంజన్ గురించి ఒకరు చెప్పాలా అని మనందరికీ ఓ ధీమా. లారీల ఊరు మనది. వీధికొక లారీ ఓనరు, ఇంటికొక డ్రైవరో క్లీనరో, బాడీ కట్టేవాళ్లు, పెయింటర్లు, లేతు మిషన్లు. రాయపూర్ రోడ్డు మీద సరుకు తోలి బతికిన ఊరు. నేనూ ఆ గ్రీజు వాసనలోనే పెరిగాను. కానీ మన ఊరి తెలివంతా డీజిల్ లారీ నేర్పిన తెలివి. నీది టూ స్ట్రోక్ బండి. లారీని కాపాడే అలవాట్లలో కొన్ని నీ బండిని పాడుచేస్తాయి. నేను నీకు చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఇదే.

తేడా ఎక్కడుందో ముందు చూడు. లారీ ఇంజన్ కింద చాంబరు నిండా ఆయిల్ ఉంటుంది. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ పంపు ఆ ఆయిల్‌ని తోడి పోస్తూనే ఉంటుంది. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టినా తీసినా ఆయిల్ ఆగదు. నీ బండికి అలాంటి నిల్వ లేదు. గేరుబాక్సులో ఉన్న ఆయిల్ గేర్లకీ క్లచ్‌కీ తప్ప పిస్టన్‌కి అందదు. పిస్టన్‌కి, రింగులకి, క్రాంకు బేరింగులకి తడి ఇచ్చేది పెట్రోలుతో పాటు లోపలికి వెళ్లే ఆ కాస్త టూటీ ఆయిల్ మాత్రమే. పెట్రోలు తగ్గితే మంట వేడెక్కుతుంది, తడీ తగ్గుతుంది. రెండు దెబ్బలూ ఒకేసారి పడతాయి. అందుకే టూ స్ట్రోక్ బండికి కార్బ్యురేటర్ సెట్టింగు ప్రాణంతో సమానం.

ఇప్పుడు చలి సంగతి. పిస్టన్ అల్యూమినియం, అది పైకీ కిందికీ ఆడే బోర్ ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకంటే దాదాపు రెండింతలు పెరుగుతుంది. నీ బండి బోర్ 50 మిల్లీమీటర్లు. అందులో పిస్టన్‌కీ గోడకీ మధ్య ఉంచే సందు 0.04 మిల్లీమీటర్లు, కొంచెం అటూ ఇటూ. మనిషి తల వెంట్రుకలో సగం మందం ఉంటుందేమో. ఇంజన్ స్టార్టయిన క్షణం నుంచీ మంట నేరుగా తగిలేది పిస్టన్ నెత్తికి. అది సెకన్లలో వేడెక్కి పెరగడం మొదలుపెడుతుంది. బోర్ మాత్రం బయట చలిగాలి తగులుతూ నింపాదిగా వేడెక్కుతుంది. రెండూ సమంగా వేడెక్కే లోపు నువ్వు రేస్ పిండావనుకో, వేలు ఉబ్బినప్పుడు ఉంగరం పట్టేసినట్టు బోర్ పిస్టన్‌ని పట్టేస్తుంది. చలిలో సీజ్ కావడమంటే ఇదే. ఇంజన్ వేడెక్కిపోయి సీజ్ అయిందని అందరూ అనుకుంటారు. అసలు జరిగింది, ఇంజన్‌లో సగం వేడెక్కి సగం వేడెక్కకపోవడం.

సీజైన బండి ఎవరిదైనా షెడ్డులో విప్పుతుంటే దగ్గర కూర్చుని చూడు. పిస్టన్‌ని చేతిలోకి తీసుకుని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఎండలోకి పట్టి తిప్పు. నాలుగు మూలల్లో, పిన్ను రంధ్రాలకి అటూ ఇటూ, నిలువుగా గీరుకుపోయిన చారలు కనిపిస్తే అది చలి దెబ్బ. పిన్ను కూర్చునే చోట లోహం మందంగా ఉంటుంది గనక అక్కడ ఎక్కువ ఉబ్బి, ముందు అక్కడే గోడకి రాసుకుంటుంది. సైలెన్సర్ వైపు మాత్రమే గీరుకుని, పైభాగం మాడినట్టుంటే అది పెట్రోలు చాలక వచ్చిన వేడి. చుట్టూ ఒకే తీరుగా గీతలుంటే ఆయిల్ అందలేదు. ఇది చూడకుండా బోర్ చేయించి, కొత్త పిస్టన్ వేసి తోలేవాడు నెల తిరక్కుండా మళ్లీ అదే షెడ్డుకొస్తాడు. కారణం లోపలే మిగిలిపోతుంది మరి.

అందుకని పొద్దున్నే బండి తీసేటప్పుడు ఇలా చెయ్యి. తాళం వెయ్యకుండా, చోక్ లాగి, నాలుగైదు సార్లు కిక్కు మెల్లగా తొక్కు. రాత్రంతా కిందికి జారిపోయిన ఆయిల్ తడి గోడలకి కాస్త అంటుతుంది. తర్వాత తాళం వేసి స్టార్ట్ చెయ్యి. స్టార్టవ్వగానే ‘డుర్రు డుర్రు’మని రేస్ ఇవ్వడం మన కుర్రాళ్లకి ఓ సరదా. ఆ సరదా మానుకో గుంటడా. ఆ నాలుగు రేసులు పిస్టన్‌ని ఉబ్బిస్తాయి, బోర్‌ని ఉబ్బించవు. ఓ నిమిషం, నిమిషమున్నర స్లోలో తిరగనీ. ఇంజన్ అందుకోగానే చోక్ తీసెయ్యి. లారీవాళ్లలాగ పావుగంట ఇంటి ముందు స్లోలో వదిలెయ్యకు. టూ స్ట్రోక్ అలా వదిలేస్తే ప్లగ్గు తడిసి నల్లబడుతుంది, వీధంతా పొగ. బండి సమంగా వేడెక్కేది మెల్లగా నడిపినప్పుడే. మొదటి మూడు నాలుగు కిలోమీటర్లు సగం రేస్ దాటకుండా, గేర్లు బేగి మార్చుకుంటూ, ఇంజన్ ఒత్తిడి పడకుండా పోనీ. మన ఊరు దాటాక కొండ మొదలయ్యే లోపు చదునైన రోడ్డుంది చూడు, దాన్ని ఇంజన్‌కి ఇచ్చెయ్యి. అక్కడ స్నేహితుణ్ణి దాటాలని చూడకు. ఓసారి ఆగి, సిలిండర్ రెక్కల పక్కన అరచెయ్యి పెట్టి చూడు. పైన హెడ్డు దగ్గరే కాదు, కింద క్రాంకు కేసు దగ్గర కూడా వెచ్చదనం తెలిస్తేనే ఘాటీ ఎక్కు.

ఇక కార్బ్యురేటర్. నీ బండికి వచ్చేది మికుని వీఎం రకం. దాని పనంతా గాలిని బట్టి పెట్రోలు కొలిచి ఇవ్వడం. చిక్కేమిటంటే గాలి ఎప్పుడూ ఒకే బరువులో ఉండదు. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో ఉన్న గాలి కంటే, పుష్యమాసం తెల్లారగట్ల 12 డిగ్రీల్లో ఉన్న గాలి నూటికి పది పాళ్లు చిక్కగా ఉంటుంది. గాలి చిక్కబడితే కార్బ్యురేటర్ పెట్రోలు కూడా పెంచుతుంది, కానీ గాలి పెరిగినంత పెంచలేదు, సుమారు సగమే అందుకుంటుంది. అంటే మధ్యాహ్నం ఎండలో సరిగ్గా కుదిరిన ట్యూనింగు తెల్లారగట్ల లీన్ అయిపోతుంది, గాలికి తగ్గ పెట్రోలు చాలదు. మన మెకానిక్కులు ట్యూనింగు చేసేదెప్పుడు? పదకొండింటికి షెడ్డు తెరిచాక, ఇంజన్ సలసల కాగుతుండగా. నువ్వు తోలేదెప్పుడు? నాలుగింటికి, మంచులో. నీ చలి ప్రయాణానికి ట్యూనింగు చలిలోనే చూసుకోవాలి.

మెకానిక్కుతో మాట్లాడేటప్పుడు ‘మైలేజి రావాలి’ అనే మాట మాత్రం నోట రానియ్యకు. ఆ ఒక్క మాటకి వాడు పెట్రోలు కట్టేస్తాడు. నాలుగు సంగతులు గుర్తుంచుకుంటే నీకు నువ్వే చూసుకోగలవు. స్లోలో, రేస్ కొద్దిగా తెరిచినప్పుడు పనిచేసేది స్లో జెట్టు, పక్కనుండే ట్యూనింగు స్క్రూ. నీ కార్బ్యురేటర్‌లో ఆ స్క్రూ గాలిని కొలిచేది. లోపలికి తిప్పితే గాలి తగ్గి, పెట్రోలు పాలు పెరిగి రిచ్ అవుతుంది, బయటికి తిప్పితే లీన్ అవుతుంది. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు. పావు రేస్ నుంచి ముప్పావు దాకా రాజ్యం నీడిల్‌ది. దాని పైన గాట్లుంటాయి, వాటిలో ఒకదాంట్లో చిన్న లాకు ఉంటుంది. లాకుని ఒక గాటు కిందికి మారిస్తే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. ఆ పైన ఫుల్ రేస్‌కి మెయిన్ జెట్టు. దాని మీద కొట్టిన నంబరు పెద్దదైతే రంధ్రం పెద్దది. చలికాలం నాలుగు వారాలకీ నీడిల్ ఒక గాటు రిచ్‌లో పెట్టుకో. కాస్త పొగ రానీ, లీటరుకి రెండు మూడు కిలోమీటర్లు తగ్గనీ. కొత్త పిస్టను, బోర్ చార్జీ, లేతు దగ్గర నిరీక్షణ, వీటి ముందు ఆ పెట్రోలు ఖర్చు ఏపాటిది?

ట్యూనింగు కుదిరిందో లేదో ప్లగ్గు చెబుతుంది. రామభద్రపురం రోడ్డులో తిన్నగా ఉన్న చోట, వెనకా ముందూ వాహనాలు లేనప్పుడు, బాగా వేడెక్కిన ఇంజన్‌తో సగం రేస్ మీద కొంతదూరం పోయి, క్లచ్ పట్టి, తాళం ఆపి, బండి పక్కకి తీసి ప్లగ్గు విప్పు. మధ్యలో ఉండే పింగాణీ బెల్లం రంగులో ఉంటే మంచిది. తెల్లగా సున్నం వేసినట్టుంటే లీన్, ముందుకెళ్లకు. నల్లగా తడిగా ఉంటే రిచ్, అది నీ బండిని చంపదు, విసిగిస్తుంది అంతే.

ఈ రోజుల్లో ఇంకో సంగతి కలిసింది. బంకుల్లో వచ్చేది ఒకప్పటి పెట్రోలు కాదు. 2023లో కొన్ని బంకుల్లో మొదలైన 20 శాతం ఎథనాల్ పెట్రోలే ఇప్పుడు అంతటా పోస్తున్నారు. కిలో పెట్రోలు కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఎథనాల్‌కి 9 కిలోలు చాలు. అంటే పాత జెట్టుతో కొత్త పెట్రోలు పోస్తే, ఏమీ ముట్టుకోకపోయినా బండి కొంత లీన్‌లో నడుస్తున్నట్టే. కొత్త బండ్లలో కంప్యూటరు దాన్ని సరిచేస్తుంది. నీ బండికి ఆ పని చేసేవాడివి నువ్వే. ఎథనాల్ నీళ్లని పీల్చుకుంటుంది కూడా. వారాల తరబడి బండి నిలబెట్టి ఉంచితే, తీసే ముందు కార్బ్యురేటర్ గిన్నెలో పెట్రోలు వంపేసి కొత్తది పట్టించు.

టూటీ ఆయిల్ గురించి కూడా చెప్పాలి. నీ బండికి కంపెనీ వేరే ఆయిల్ ట్యాంకూ పంపూ ఇచ్చింది. చాలామంది ఆ పంపుని నమ్మక తీయించేసి, ఆయిల్‌ని పెట్రోల్లోనే కలుపుతారు. నీ బండికి పంపు ఉందో పీకేశారో ముందు తెలుసుకో. అమ్మినవాడి మాట మీద ఉండిపోకు, విప్పి కళ్లతో చూడు. పంపు లేకపోతే లీటరుకి ఎన్ని మిల్లీలీటర్లో కొలిచి పొయ్యి. 25కి ఒకటి పాళ్లంటే లీటరుకి 40, 50కి ఒకటంటే 20. కొత్త బోర్ వేశాక మొదట్లో 40 వెయ్యి. ‘ఎక్కువ పోస్తే ఇంజన్‌కి ఇంకా మంచిది’ అని గుప్పించే అలవాటుంది మనవాళ్లకి. అదే జెట్టులోంచి ఆయిల్ ఎక్కువ వెళ్తే పెట్రోలు తక్కువ వెళ్లినట్టే కదా. పొగ చూసి రిచ్ అనుకుంటాం, లోపల లీన్.

సైలెన్సర్ లోపలి గొట్టం పీకేసి, గాలి ఫిల్టరు తీసేసి, ఆ చప్పుడుతో వీధిలో తిరిగే సరదా నీ స్నేహితులకుందని తెలుసు. గాలి తేలిగ్గా వచ్చిపోతున్నప్పుడు మెయిన్ జెట్టు మార్చకపోతే బండి లీన్ అవుతుంది. చలిలో ఇది ఇంకా ప్రమాదం. ఇంజన్‌కీ కార్బ్యురేటర్‌కీ మధ్య ఉండే రబ్బరు వయసు మీద పడి చీలినా అంతే. రేస్ వదిలేసినా ఇంజన్ దిగకుండా పైనే గింగిరాలు తిరుగుతుంటే ఎక్కడో గాలి లాగుతోందని అర్థం. అలాంటి బండితో ఘాటీ మాట ఎత్తకు.

ఘాటీ దగ్గరే మన లారీ తెలివి నిన్ను మోసం చేస్తుంది. ఎక్కడం కష్టం, దిగడం సుఖం అంటారు. నీ బండికి దిగడమే గండం. సాలూరు సముద్రమట్టానికి 118 మీటర్ల ఎత్తులో ఉంటే ఘాటీ పైనున్న కొరాపుట్ 870 మీటర్ల ఎత్తులో ఉంది. పైకి వెళ్లిన కొద్దీ గాలి పల్చబడి, అక్కడికి చేరేసరికి నూటికి ఏడెనిమిది పాళ్లు తగ్గుతుంది. గాలి తగ్గితే బండి రిచ్ అవుతుంది. కొంచెం బరువుగా లాగుతుంది, పొగ ఎక్కువొస్తుంది, ప్లగ్గు నల్లబడుతుంది. ఇబ్బందే గానీ అపాయం కాదు. అక్కడ ఎవరో ఒకడు ‘పొగొస్తోంది, కట్టేద్దాం’ అని స్క్రూ తిప్పి, నీడిల్ దించేస్తాడు. బండి అక్కడ పక్షిలా ఎగురుతుంది. అదే సెట్టింగుతో కిందికి దిగుతున్నకొద్దీ గాలి చిక్కబడి లీన్ అవుతుంది. కొండమీద ట్యూనింగు ముట్టుకోకు. ముట్టుకుంటే, దిగేముందు సుంకిలోనే తిరిగి ఉన్నచోటికి తెచ్చెయ్యి.

రెండోది, మన ఊరి ప్రతి డ్రైవరూ కొడుక్కి చెప్పే మాట: ‘ఎక్కిన గేరులోనే దిగు.’ లారీకి అది ప్రాణరక్ష. బ్రేకులు కాలిపోకుండా ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఆ మాట తప్పి న్యూట్రల్‌లో దొర్లించినవాళ్ల లారీలు ఎలాంటి లోయల్లో పడ్డాయో ఆ రోడ్డు మీద తిరిగిన ఎవరినడిగినా చెబుతారు. నీ బండికి ఆ మాటలో సగమే వర్తిస్తుంది. గేరులో దిగాల్సిందే. నీవి డ్రమ్ము బ్రేకులు, వాటి మీదే భారం వేస్తే అవీ కాలతాయి. కానీ రేస్ పూర్తిగా మూసి గేరులో దిగుతుంటే ఇంజన్ జోరుగా తిరుగుతూ ఉంటుంది, పెట్రోలు దాదాపు రాదు. పెట్రోల్లో కలిపిన ఆయిల్ కూడా రాదు. పంపున్న బండికైనా ఆ పంపు రేస్ తీగతో కలిసి పనిచేసేదే, మూసినప్పుడు చుక్కలే. మైళ్ల తరబడి అలా దిగితే పిస్టన్ పొడి గోడకి రాసుకుంటుంది. అందుకని గేరులోనే ఉంటూ, కొన్ని సెకన్లకోసారి క్లచ్ పట్టి చిన్న రేస్ ఇచ్చి వదులు. ఆ చిన్న రేసే పిస్టన్‌కి ఓ గుక్క ఆయిల్. ఇంజన్ ఆపేసి దొర్లించడం మాత్రం ఎన్నటికీ వద్దు.

సుంకిలో టీ తాగడానికి ఆగుతారు. పొట్టంగి వైపు పది డిగ్రీల లోపుకి దిగే రోజులుంటాయి. అరగంట కబుర్లు చెప్పుకునే లోపు ఇంజన్ మళ్లీ చల్లబడిపోతుంది. ‘ఇందాకే కదా తోలాం’ అని ఎక్కగానే రేస్ పిండకు. అది కూడా పొద్దున్న స్టార్టు లాంటిదే, అంతే ఓపిక కావాలి. ఇంకో మాట, దారిలో గెడ్డ కనబడగానే కాగిన ఇంజన్ మీద నీళ్లు కొట్టి చల్లార్చే గుంటలున్నారు. చన్నీళ్లు తగిలిన బోర్ గబుక్కున ముడుచుకుంటుంది, లోపల పిస్టన్ ఇంకా ఉబ్బే ఉంటుంది. పైన రెక్కలు విరగొచ్చు కూడా. నీడలో నిలబెట్టు, గాలికి అదే చల్లారుతుంది.

ఈ గొడవ మన ఘాటీకే పరిమితం అనుకోకు. మంచు దేశాల్లో స్నోమొబైల్ అని చక్రాల బదులు ముందు స్కీలు, వెనక బెల్టు ఉండే బండి ఉంది. కెనడాలో బొంబార్డియే అనే ఆయన 1959లో స్కీ-డూ పేరుతో దాన్ని బజార్లోకి తెచ్చాడు. మన దేశంలో గుల్మార్గ్ వెళ్తే ఎక్కొచ్చు.  ఆ బండ్లలో చాలావాటికి గుండె నీ బండిదే, టూ స్ట్రోక్. అక్కడ సున్నాకి ఇరవై డిగ్రీలు కింద స్టార్ట్ చెయ్యాలి. నీళ్లతో చల్లారే ఇంజన్లయితే ఇంకో తంటా. ఇంజన్ వేడెక్కి థర్మోస్టాట్ తెరుచుకోగానే, పైపుల్లో గడ్డకట్టేంత చల్లగా ఉన్న ద్రవం ఒక్కసారి బోర్ చుట్టూ దూకుతుంది. వేడి పిస్టన్ చుట్టూ బోర్ ముడుచుకుని పట్టేస్తుంది. నేనిందాక చెప్పిన గెడ్డ నీళ్ల సంగతే, ఇంజన్ లోపల జరుగుతుంది. అందుకే అక్కడివాళ్లు ఆ ద్రవం తిరిగే పైపులు చేతికి వెచ్చగా తగిలేదాకా జోరు పెంచరు. కార్బ్యురేటరున్న పాత స్నోమొబైళ్లకి కంపెనీయే ఓ పట్టిక ఇచ్చేది. ఇంత చలికి, ఇంత ఎత్తుకి, ఈ నంబరు జెట్టు అని. అంత చలిలో బతికేవాళ్లే ఇంజన్ కోసం ఆగుతున్నారు. మన సంక్రాంతి చలికి నువ్వో ఐదు నిమిషాలు ఆగలేవా?

ఇంత చేసినా ఇంజన్ పట్టేసే ఘడియ రావచ్చు. అప్పుడేం చెయ్యాలో ఇంజన్ బాగున్నప్పుడే తలకెక్కించుకోవాలి. ముందు లాగుడు తగ్గుతుంది, చప్పుడు బిగుసుకుంటుంది, బండి వెనక్కి ఎవరో పట్టి లాగినట్టుంటుంది. ఆ వెంటనే వెనక చక్రం బిర్రబిగుస్తుంది. చక్రం బిగిసిన బండి మలుపులో నిన్ను పడేస్తుంది. అందుకే మొదటి కిలోమీటర్లలో, దిగుడులో, నీ ఎడమచేతి రెండు వేళ్లు క్లచ్ మీదే ఉండాలి. ఏ మాత్రం తేడా అనిపించినా క్లచ్ పట్టెయ్యి, రేస్ వదిలెయ్యి, పక్కకి తియ్యి. ఆగాక ఎగిరెగిరి కిక్కు కొట్టకు. అరగంట చల్లారనిచ్చి, ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి నాలుగు చుక్కలు టూటీ ఆయిల్ వేసి, కిక్కు చేత్తో మెల్లగా నొక్కి చూడు. తిరిగితే మెల్లగా ఇల్లు చేరొచ్చు. చేరాక మాత్రం హెడ్డు, బోర్ విప్పి చూపించాల్సిందే. ‘మళ్లీ స్టార్టయింది కదా’ అని వదిలేస్తే, పిస్టన్ అల్యూమినియం బోర్‌కి అంటుకుని, ఆ చారే రింగుల్ని కోసేస్తుంది. తిరగకపోతే మొండికెయ్యకు. మన రోడ్డు మీద దిగే లారీ ఏదో ఒకటి నీ బండిని ఎక్కించుకుంటుంది. సాలూరు పేరు చెప్పు చాలు.

పండక్కి ఇంకా టైముంది. బయల్దేరే ముందు ఒక్క రోజు నా దగ్గరికి రా. కార్బ్యురేటర్ విప్పి జెట్లు ఊదుదాం, ఇన్‌లెట్ రబ్బరు మార్చేద్దాం, ఆయిల్ పంపు ఉందో లేదో తేల్చుకుందాం. ఐదింటికల్లా రా. బండిని మాత్రం తోలుకుంటూ రాకు, ఇంజన్ చల్లగా ఉండాలి. తోసుకుంటూ తీసుకురా.

ఇట్లు,
నీ మావయ్య